గుర్రుమనే పెట్టె

ముస్తాబాద్ మండలంలో ఒక ఊరు. ఆ ఊర్లో బీడీలు చేసే ఒక అక్క ఉంది. వాడకట్టులో అందరూ ఆమెను పెద్దక్క అంటారు. ఆమె కొడుకు దుబాయిలో పని చేస్తాడు. కోడలు, ఇద్దరు మనుమరాండ్లు ఇంట్లో ఉంటారు.

పోయిన దసరాకు కొడుకు డబ్బు పంపాడు. పెద్దక్క దానికి తన బీడీల పైసలు కలిపింది. అత్తాకోడండ్లు సిరిసిల్లకు పోయి పాటలు వినే యాంప్లిఫైయర్ కొన్నారు. దానితో రెండు స్పీకరు డబ్బాలు వచ్చాయి. మొత్తం 8,500 రూపాయలు అయింది. అందులో 3,000 పెద్దక్కవి. తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టి, చాట ముందు నడుము వంచి కూర్చుని సంపాదించినవి. అందుకే ఆ పెట్టె అంటే ఆమెకు పానం. దుమ్ము పడొద్దని దాని మీద పూల గుడ్డ కూడా కప్పింది.

పెట్టె పదకొండు నెలలు మంచిగ పాడింది. సెప్టెంబరు 17న కోడలు స్విచ్ వేసింది. పాట ఇంకా పెట్టనే లేదు. డబ్బాల నుంచి "గుంయ్..." అని చప్పుడు వచ్చింది. తేనెతుట్టెను కదిపినట్టు ఉంది. పాట పెడితే పాట వెనుక అదే చప్పుడు. పాట ఆపితే ఒక్క చప్పుడే మిగిలింది.

"ఏం చేసినవే?" అన్నది పెద్దక్క.

"నేనేం చెయ్యలేదు అత్తమ్మా. స్విచ్ ఏసిన, గంతే" అన్నది కోడలు.

నిజమే, కోడలు ఏం చేయలేదు. అయినా ఇంట్లో ఒక వస్తువు చెడిపోతే మొదటి మాట ఎవరి మీద పడుతుందో అందరికీ తెలుసు.

ఇంతకూ యాంప్లిఫైయర్ అంటే ఏమిటి? చిన్న చప్పుడును పెద్దది చేసే పెట్టె. ఫోను నుంచి, టీవీ నుంచి వచ్చే పాట చాలా బలహీనంగా ఉంటుంది. అది పెద్ద డబ్బాలను కదిలించలేదు. ఊరి చెరువు తూము గుర్తు చేసుకోండి. తూము తిప్పే చేతికి ఉన్న బలం ఎంత? కొంచెమే. కాలువలో పారే నీళ్ల బలం ఎంత? చాలా ఎక్కువ. ఆ బలం చేతిది కాదు, చెరువుది. చెయ్యి ఎంత తిప్పితే అన్ని నీళ్లు వస్తాయి. యాంప్లిఫైయర్‌లో ఆ చెయ్యి పాట. చెరువు కరెంటు. పాట ఎట్ల తిప్పితే కరెంటు అట్ల పారి డబ్బాలను ఊపుతుంది.

చెరువులో నీళ్లు బురదగా ఉంటే కాలువలో కూడా బురదే వస్తుంది. తూము తిప్పిన చేతి తప్పు కాదు అది. పెట్టెలో కూడా అంతే. లోపలి కరెంటు శుభ్రంగా లేకపోతే డబ్బాల్లో చప్పుడు వస్తుంది.

కరెంటులో బురద ఏమిటి అని అడగవచ్చు. మన ఇండ్లకు వచ్చే కరెంటు ఒకే దిక్కుకు పారదు. సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. పెట్టె లోపల దాన్ని ఒకే దిక్కుకు మళ్లిస్తారు. మళ్లించినా అది నిలకడగా ఉండదు. సెకనుకు 100 సార్లు ఎగిరి పడుతుంది. దాన్ని సమం చేయడానికి కెపాసిటర్ అనే భాగం ఉంటుంది. చూడటానికి చిన్న డబ్బీ లాగా ఉంటుంది.

నల్లా ఒక గంట వస్తుంది, ఒక పూట రాదు. గోలెం నింపి పెట్టుకుంటే ఇంట్లో ఎప్పుడూ నీళ్లు ఉంటాయి. కెపాసిటర్ కూడా అటువంటి గోలెమే. కరెంటు ఎక్కువ వచ్చినప్పుడు నింపుకుంటుంది, తక్కువ అయినప్పుడు పోస్తుంది. గోలెం పగిలితే నల్లా ఎట్ల వస్తే ఇంట్లో నీళ్లు అట్లనే. కెపాసిటర్ పాడైతే కరెంటు ఎగిరి పడటం డబ్బాల్లో వినబడుతుంది. అదే "గుంయ్".

ఎదురింటి బావ చప్పుడు విని వచ్చాడు. ప్లగ్గును చూశాడు. దానికి మూడు పిన్నులు ఉన్నాయి. "ఈ పెద్ద పిన్ను విరగ్గొట్టుర్రి. చప్పుడు పోతది. మా దోస్తు గట్లనే చేసిండు" అన్నాడు.

పట్కారు తెమ్మని కోడలితో చెప్పాడు కూడా. అప్పుడే పెద్దక్క మేనకోడలు వచ్చింది. ఆమె ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదివింది.

"బావా, ఆగు. అది ఎర్తు పిన్ను. దాన్ని ముట్టుకోకు" అన్నది.

"ఆడిపిల్లకు మిషిన్ల సంగతి ఏమెరుక?" అన్నాడు బావ.

ఈ మాట చాలా ఊర్లలో వినబడుతుంది. జహీరాబాద్ దగ్గర మాచనూరు అనే ఊరు ఉంది. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు ఒక రేడియోను నడిపారు. దాని పేరు సంఘం రేడియో. 2008 అక్టోబరు 15న అది మొదలైంది. స్వచ్ఛంద సంస్థకు లైసెన్సు దొరికిన మొదటి సమాజ రేడియో మన దేశంలో అదే. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దాన్ని నడిపి పేరు తెచ్చుకున్నారు. మైకు పెట్టడం, చప్పుడు సరిచేయడం, రికార్డు చేయడం, కత్తిరించి అతికించడం అన్నీ ఊరి ఆడవాళ్లే చేశారు. పాడిందీ వాళ్లే, మాట్లాడిందీ వాళ్లే. మిషిను ఎవరు తిప్పుతున్నారో చూసుకొని పని చేయదు.

మేనకోడలు బావకు జవాబు చెప్పలేదు. పెద్దక్కకు చెప్పింది. "అత్తమ్మా, ఈ పెట్టెకు పైన ఇనుప రేకు ఉంది. లోపల ఏదన్న వైరు తెగి రేకుకు తగిలిందనుకో. ఎర్తు పిన్ను ఉంటే కరెంటు భూమిలకు పోతది. పిన్ను ఇరిగితే అది నీ చేతులనుంచి పోతది. పిల్లలు రోజూ ముట్టుకునే పెట్టె."

బావ చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. కొన్నిసార్లు ఎర్తు తీస్తే చప్పుడు పోతుంది. దానితో పాటు ప్రాణానికి ఉన్న కాపలా కూడా పోతుంది. గోడలోని బోర్డుకు ఎర్తు వైరే లేని ఇండ్లు కూడా ఉన్నాయి. అటువంటి ఇంట్లో మూడు పిన్నుల ప్లగ్గు పెట్టినా లాభం లేదు. ముందు ఎర్తు వేయించుకోవాలి.

తర్వాత మేనకోడలు పరీక్ష మొదలు పెట్టింది. పెట్టెను విప్పలేదు. స్క్రూడ్రైవరు పట్టలేదు. చెవితోనే పట్టుకుంది.

మొదట చప్పుడు పెంచే బటను పూర్తిగా సున్నాకు తిప్పింది. వాల్యూం సున్నా అయినా గుంయ్ తగ్గలేదు. సున్నాకు తిప్పితే చప్పుడు పోయిందనుకోండి. అప్పుడు తప్పు ముందు భాగంలో ఉన్నట్టు. అంటే పాట తెచ్చే వైరులోనో, టీవీలోనో, ఫోనులోనో ఉండవచ్చు. పోకపోతే తప్పు వెనుక భాగంలో ఉన్నట్టు.

తర్వాత స్విచ్ ఆపి, పాట తెచ్చే వైర్లన్నీ పీకింది. మళ్లీ స్విచ్ వేసింది. గుంయ్ అట్లనే ఉంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. చాలా ఇండ్లలో యాంప్లిఫైయర్‌ను టీవీకి కలుపుతారు. టీవీకి కేబుల్ వాళ్ల వైరు ఉంటుంది. ఆ వైరు ఊరంతా తిరిగి వస్తుంది. అది ఒక దారిన భూమికి కలుస్తుంది, పెట్టె ఇంకో దారిన కలుస్తుంది. రెండు దారుల మధ్య కొంచెం కరెంటు తిరిగి "గుంయ్" అంటుంది. అటువంటప్పుడు కేబుల్ వైరు పీకగానే చప్పుడు ఆగిపోతుంది. టీవీని, పెట్టెను ఒకే బోర్డులో పెడితే కొన్నిసార్లు తగ్గుతుంది. దానికి కంపెనీని పిలవనక్కర లేదు, ఒక్క రూపాయి ఖర్చు లేదు. పెద్దక్క ఇంట్లో కేబుల్ వైరు పీకి చూశారు. లాభం లేదు.

ఇంట్లో ఉన్న ట్యూబులైటు, ఫ్యాను, ఫోను చార్జరు ఒక్కొక్కటి ఆపి విన్నారు. కొన్ని ఫ్యాను రెగ్యులేటర్లు, చవక చార్జర్లు కరెంటులో మురికి కలుపుతాయి. సిరిసిల్లలో సాంచెల పక్కన ఉండే ఇండ్లలో సాంచెలు నడిచినప్పుడు చప్పుడు రావచ్చు, ఆగినప్పుడు పోవచ్చు. మోటర్లు అదే లైను మీద ఉంటాయి కదా. పెద్దక్క ఇంటి దగ్గర సాంచెలు లేవు. అన్నీ ఆపినా గుంయ్ ఆగలేదు.

చివరికి స్విచ్ ఆపి కుడి డబ్బా వైరును ఎడమకు, ఎడమ డబ్బా వైరును కుడికి మార్చింది. ఇది చేసేటప్పుడు స్విచ్ తప్పకుండా ఆపాలి. డబ్బా వైరు కొసలు ఒకదానికొకటి తగిలితే పెట్టె కాలిపోవచ్చు. చప్పుడు ఒక్క డబ్బాలోనే వస్తుంటే ఈ మార్పిడితో దొంగ దొరుకుతాడు. మార్చినాక కూడా చప్పుడు అదే డబ్బాలో ఉంటే డబ్బా చెడినట్టు. చప్పుడు ఇంకో డబ్బాలోకి మారితే పెట్టె చెడినట్టు. ఇక్కడ రెండు డబ్బాల్లోనూ సమానంగా గుంయ్ వచ్చింది.

"తప్పు లోపల ఉంది అత్తమ్మా. లోపలి గోలెం పగిలినట్టుంది" అన్నది మేనకోడలు.

"మరి విప్పి చూడరాదు?" అన్నది పెద్దక్క.

"విప్పను. స్విచ్ ఆపినంక కూడ లోపల కరెంటు నిలిచి ఉంటది. ముట్టుకుంటే కొడతది. ఇంకోటి, మనం విప్పితే మీరే చెడగొట్టిన్రు అంటది కంపెనీ. వారంటీ ఎన్ని రోజులుంది?"

వారంటీ అంటే కంపెనీ ఇచ్చిన మాట. ఇన్ని నెలల్లో చెడితే పైసలు తీసుకోకుండా బాగుచేస్తామని రాసి ఇస్తారు.

ఇంకో రెండు చప్పుళ్ల గురించి కూడా ఆమె చెప్పింది. బటను తిప్పినప్పుడు మాత్రమే "గరగర" అంటే బటను లోపల దుమ్ము పట్టినట్టు. స్విచ్ ఆపి, బటనును ఆ కొస నుంచి ఈ కొసకు ఇరవై సార్లు తిప్పితే చాలావరకు పోతుంది. మైకు పెట్టినప్పుడు "కీ..." మని కూత వస్తే పెట్టె చెడలేదు. మైకు డబ్బాకు ఎదురుగా ఉంది, అంతే. డబ్బా చప్పుడు మైకులోకి, మైకు చప్పుడు డబ్బాలోకి తిరుగుతుంది. మైకును డబ్బా వెనుకకు జరిపితే కూత ఆగుతుంది. పోతూ పోతూ పూల గుడ్డ తీసేయమని కూడా చెప్పింది. లోపలి వేడి బయటికి పోవాలి. వేడికి కెపాసిటర్లు తొందరగా ఎండిపోతాయి. పెద్దక్కకు ఆ మాట కొంచెం బాధ అనిపించింది. కానీ గుడ్డ తీసేసింది.

పెద్దక్క ట్రంకు పెట్టె తెరిచింది. బ్యాంకు పాసుబుక్కు కింద బిల్లు ఉంది. బిల్లంతా ఇంగ్లీషులో ఉంది. కానీ అంకెలు ఆమెకు వస్తాయి. 4-10 అని తేదీ చదివింది. వారంటీ ఒక సంవత్సరం. అంటే అక్టోబరు 3 వరకు. వేళ్ల మీద లెక్క పెట్టింది. ఇంకా 16 రోజులే ఉన్నాయి.

ఆ బిల్లు ఉండటం కూడా ఊరికే కాలేదు. కొన్న రోజు కొట్టతను చిన్న చీటీ మీద పెన్నుతో 8,500 అని రాసి ఇచ్చాడు. "పక్కా బిల్లు కావాలంటే పైసలు ఎక్కువైతయి" అన్నాడు. కోడలు ఒప్పుకోలేదు. పేరు, తేదీ, పెట్టె నంబరు ఉన్న బిల్లు కావాలని నిలబడింది. బిల్లు ఇవ్వకపోవడం చట్టం ప్రకారం తప్పు. తెల్ల చీటీ తీసుకొని వచ్చి ఉంటే ఈ కథ ఇక్కడే ఆగిపోయేది.

మరునాడు పెద్దక్క కొట్టుకు పోయింది. "మా చేతుల ఏం లేదమ్మా. కంపెనీకి ఫోన్ చెయ్యి" అన్నాడు కొట్టతను. చాలా కొట్లలో ఇదే మాట చెప్తారు. కానీ వస్తువు అమ్మిన కొట్టుకు కూడా బాధ్యత ఉంటుంది. ఫిర్యాదు వేయాల్సి వస్తే కొట్టును, కంపెనీని ఇద్దరినీ చేర్చవచ్చు.

సెప్టెంబరు 19న కోడలు ఫోను కలిపింది. "హిందీ కోసం ఒకటి నొక్కండి" అని మొదలైంది. తెలుగు వచ్చేదాకా ఓపికగా విన్నది. చివరికి ఒక అమ్మాయి పలికింది. పెట్టె వెనుక అంటించిన కాగితం మీది నంబరు అడిగింది. మోడల్ నంబరు ఒకటి, సీరియల్ నంబరు ఒకటి ఉంటాయి. కోడలు పెట్టెను తిప్పి పట్టుకుంది, పెద్దక్క అంకెలు ఒక్కొక్కటి చదివి చెప్పింది. రెండు రోజుల్లో మనిషి వస్తాడని ఆ అమ్మాయి చెప్పింది.

"ఫోన్ పెట్టకు. కంప్లైంట్ నంబరు అడుగు" అన్నది పెద్దక్క.

మనుమరాలి పాత నోటుబుక్కులో వెనుక పేజీ తీసింది. తేదీ రాసింది. గంట రాసింది. మాట్లాడిన అమ్మాయి పేరు రాసింది. కంప్లైంట్ నంబరు రాసింది. అక్షరాలు వంకరగా ఉన్నాయి. తర్వాత ఆమెను కాపాడింది ఆ పేజీనే.

రెండు రోజులు అయింది. నాలుగు రోజులు అయింది. మనిషి రాలేదు. మళ్లీ ఫోను చేశారు. అది కూడా నోటుబుక్కులో ఎక్కింది. సెప్టెంబరు 25న కంపెనీ మనిషి వచ్చాడు. స్విచ్ వేశాడు, విన్నాడు. పెట్టె విప్పలేదు.

"మీ ఊర్ల కరెంటు మంచిగ లేదమ్మా. స్టెబిలైజర్ కొనుర్రి. మీ ఫోనుకు నాలుగు అంకెల నంబరు వచ్చింది, జర చెప్పుర్రి" అన్నాడు.

కోడలు ఫోను తీసింది. పెద్దక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ నంబరు ఎందుకు తమ్మీ?"

"ఊరికె అమ్మా. నేనొచ్చిన అని కంపెనీకి తెల్వాలె."

"నువ్వొచ్చినట్టు తెల్వాలెనా? పెట్టె బాగైనట్టు తెల్వాలెనా?"

అతను మాట్లాడలేదు.

"పెట్టె బాగైందా?"

"కాలేదు."

"మరి బాగైందని నంబరు ఎట్ల చెప్త?"

ఫోనుకు వచ్చే ఈ నంబరును ఓటీపీ అంటారు. పని అయిపోయిందని చెప్పడానికే చాలా కంపెనీలు దాన్ని వాడతాయి. ఆ నంబరు చెప్తే సంతకం పెట్టినట్టే. ఫిర్యాదు మూసేస్తారు. వేలిముద్ర వేయించుకొని మోసం చేసే రోజుల గురించి పెద్దవాళ్లు చెప్తుంటారు. నాలుగు అంకెలు ఇప్పుడు ఆ వేలిముద్ర పని చేస్తున్నాయి. బ్యాంకు పేరు చెప్పి ఎవరైనా ఓటీపీ అడిగితే అసలే చెప్పొద్దు. రిపేరు ఓటీపీ అయితే పని పూర్తయి, మీరు చూసుకున్నాకే చెప్పాలి.

ఆ పిల్లగాడు కూడా చెడ్డవాడు కాదు. రోజుకు ఇన్ని ఫిర్యాదులు మూయాలని అతని మీద కూడా ఒత్తిడి ఉంటుంది. పెద్దక్క అతనికి చాయ్ పోసింది. తర్వాత కోడలు వాల్యూం సున్నా చేసి, వైర్లన్నీ పీకి చూపించింది. మేనకోడలు చేసిన పరీక్షలన్నీ వరుసగా చెప్పింది. అతను తల ఊపాడు. బోర్డు మార్చాలని ఒప్పుకున్నాడు. ఒక కాగితం తీసి ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టమన్నాడు.

"తెలుగుల రాయి తమ్మీ. చదివి పెడత" అన్నది పెద్దక్క.

అతను నవ్వి, కింద తెలుగులో రాశాడు. "శబ్దం ఉంది. బోర్డు మార్చాలి." పెద్దక్క కూడబలుక్కొని చదివింది. అప్పుడు సంతకం పెట్టింది. ఆ కాగితాన్ని ఫోనులో ఫోటో తీసుకున్నారు. 27న పెట్టెను కరీంనగర్ సర్వీసు సెంటరుకు తీసుకుపోయారు. ఇచ్చినట్టు రసీదు తీసుకున్నారు.

ఈలోగా బతుకమ్మ పండుగ వచ్చింది. డబ్బాలు లేకుండానే వాడకట్టు ఆడవాళ్లు ఆడారు. బతుకమ్మకు చప్పట్లు ఉంటే చాలు, ఆ సంగతి అందరూ కొన్నేండ్లుగా మరిచారు.

అక్టోబరు 8న సర్వీసు సెంటరు నుంచి ఫోను వచ్చింది. "మీ వారంటీ 3వ తారీఖుతో అయిపోయింది. 2,200 కడితే బాగుచేస్తం."

కోడలు ముఖం చిన్నబోయింది. "కట్టేద్దాం అత్తమ్మా, పీడ పోతది" అన్నది. చాలామంది ఇక్కడే కట్టేస్తారు. 2,200 అంటే ఎన్ని వేల బీడీలో పెద్దక్కకు లెక్క తెలుసు. నోటుబుక్కు తెచ్చింది. "మేము చెప్పింది 19 సెప్టెంబరు. వారంటీ అయిపోయింది 3 అక్టోబరు. చెప్పిన రోజు వారంటీ ఉన్నది కద? ఆలస్యం చేసింది మీరు. దానికి మేమెందుకు కట్టాలె?"

అవతలి మనిషి, "రూల్ గంతే" అని ఫోను పెట్టేశాడు. నోటి మాటకు సాక్ష్యం ఉండదు. అందుకే ఆమె ఉత్తరం రాసింది. రెండు సాయంత్రాలు పట్టింది. ఆ ఉత్తరం ఇది.

తేది: అక్టోబరు 10

కస్టమర్ కేర్ మేనేజరు గారికి,

నేను మీ కంపెనీ యాంప్లిఫైయర్‌ను పోయిన సంవత్సరం అక్టోబరు 4న సిరిసిల్లలో కొన్నాను. ధర 8,500 రూపాయలు. సెప్టెంబరు 17 నుంచి దానిలో గుంయ్ అని శబ్దం వస్తుంది. వాల్యూం సున్నా చేసినా, వైర్లు తీసినా పోవడం లేదు. సెప్టెంబరు 19న ఫోనులో ఫిర్యాదు చేశాను. అప్పుడు వారంటీ ఉంది. 25న మీ మనిషి వచ్చి బోర్డు మార్చాలని రాసి ఇచ్చాడు. 27 నుంచి పెట్టె మీ దగ్గరే ఉంది. ఇప్పుడు 2,200 అడుగుతున్నారు. వారంటీలో ఫిర్యాదు చేశాను కాబట్టి ఉచితంగా బాగుచేయాలి. లేకపోతే కొత్తది ఇవ్వాలి, లేదా నా డబ్బు వాపసు ఇవ్వాలి. ఏడు రోజుల్లో జవాబు ఇవ్వగలరు. బిల్లు, మీ మనిషి రాసిన కాగితం, రసీదు నకళ్లు జత చేశాను.

ఉత్తరంలో తిట్లు లేవు. ఏడుపు లేదు. తేదీలు ఉన్నాయి, ఏం కావాలో ఉంది. కోపం చాలా వచ్చింది పెద్దక్కకు, కానీ కోపాన్ని ఉత్తరంలో రాయలేదు. ముస్తాబాద్ వెళ్లి జిరాక్సులు తీయించింది. నకళ్లే జత చేసింది, అసలు బిల్లు ట్రంకులోనే ఉంది. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకుంది.

ఏడు రోజులు గడిచాయి. జవాబు రాలేదు. అక్టోబరు 17న కోడలు 1915 నంబరుకు ఫోను చేసింది. అది ప్రభుత్వం నడిపే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను. వినియోగదారు అంటే కొనుక్కున్న మనిషి. ఆ ఫోనుకు ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. వాళ్లు ఫిర్యాదు రాసుకొని ఒక నంబరు ఇస్తారు. దాన్ని కంపెనీకి పంపి జవాబు అడుగుతారు. అది కోర్టు కాదు. శిక్ష వేయలేదు. అయినా ఇంటికి చేసిన ఫోనుకు పలకని కంపెనీలు చాలాసార్లు దానికి పలుకుతాయి.

అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంటుంది. పూర్వం దాన్ని వినియోగదారుల ఫోరం అనేవారు. కరీంనగర్‌లో అటువంటి కమిషన్ ఉంది. మన దేశంలో వినియోగదారుల రక్షణ చట్టం 1986లో వచ్చింది. దాని స్థానంలో 2019లో కొత్త చట్టం చేశారు. అది 2020 జూలై 20 నుంచి అమలులో ఉంది. కొత్త చట్టంలో ఒక మంచి మార్పు ఉంది. కంపెనీ ఎక్కడో ఢిల్లీలోనో, బొంబాయిలోనో ఉన్నా అక్కడికి పోనక్కర లేదు. కొన్న మనిషి ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. 5 లక్షల లోపు వస్తువు అయితే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. తప్పు జరిగిన నాటి నుంచి రెండేళ్ల లోపు వేయాలి. మూడు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. వస్తువును పరీక్ష చేయాల్సి వస్తే అయిదు నెలలు. కానీ చాలా కేసులు అంతకంటే ఎక్కువ రోజులు నడుస్తాయి. తిరగడానికి బస్సు ఖర్చు, పోయిన కూలి కూడా లెక్క వేసుకోవాలి. అందుకే ఉత్తరం, 1915 ముందు. కమిషన్ తర్వాత.

పెద్దక్కకు కమిషన్ దాకా పోయే పని పడలేదు. అక్టోబరు 22న కంపెనీ పెద్ద ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. పైసలు లేకుండా బాగుచేస్తామని చెప్పారు. "ఆ మాట మెసేజులో రాసి పంపుర్రి" అన్నది పెద్దక్క. పంపారు.

29న అదే పిల్లగాడు పెట్టె తెచ్చాడు. రెండు కెపాసిటర్లు, బోర్డు మార్చామని చెప్పాడు. మార్చిన భాగాల పేర్లు కాగితం మీద రాయించుకున్నారు. అప్పుడు పిల్లగాడు ఫోను వైపు చూశాడు.

"నంబరు వచ్చిందా అమ్మా?"

"వచ్చింది. ఆగు" అన్నది పెద్దక్క.

వాల్యూం సున్నా చేసింది. ఫ్యాను ఆపించింది. మనుమరాండ్లను మాట్లాడొద్దన్నది. కుడి డబ్బాకు చెవి ఆనించింది. ఎడమ డబ్బాకు చెవి ఆనించింది. అరగంట పాట పెట్టి, ఆపి, మళ్లీ విన్నది. పిల్లగాడు రెండోసారి చాయ్ తాగాడు. అప్పుడు నాలుగు అంకెలు చదివి చెప్పింది.

నోటుబుక్కులో ఆ పేజీ నిండిపోయింది. అడుగున చిన్న జాగా ఉంది. అక్కడ రాసింది: "29 అక్టోబరు. చప్పుడు లేదు."

చదివి చెప్పండి

పెద్దక్క వారంటీ ఏ రోజుతో అయిపోయింది? ఆమె మొదటి ఫిర్యాదు ఏ రోజు చేసింది? ఈ రెండు తేదీల మధ్య ఎన్ని రోజులు ఉన్నాయి?

వాల్యూం సున్నా చేసినా చప్పుడు పోకపోతే తప్పు ఎక్కడ ఉన్నట్టు?

మీ ఇంట్లో మిక్సీ, టీవీ, ఫ్యాను, ఏదో ఒకదాని బిల్లు వెతికి తెండి. దాని మీద తేదీ ఎక్కడ ఉంది? పెట్టె నంబరు రాశారా? వారంటీ ఇంకా ఎన్ని రోజులు ఉంది? నోటుబుక్కులో రాయండి.